కొండదారి విద్యుత్ సైకిలు : వెనుక లింకు మార్పిడిలోని తులాదండ సూత్రము

పీఠిక :

తెలుగు శాఖకు చెందిన మేము యంత్రమును గూర్చి వ్రాయబూనుట కొందరికి వింతగా తోచవచ్చును. ఇందుకు కారణము ఒక ఉత్తరము. కొన్ని సంవత్సరముల క్రిందట మా వద్ద చదివిన విద్యార్థి యొకడు స్కాట్లండులో పై చదువులు చదువుచు, సెలవు దినములలో ఒక చిన్న సైకిలు దుకాణమున పని చేయుచున్నాడు. అతని తండ్రి మన ఊరిలో సైకిలు మరమ్మతు దుకాణము నడుపువారు. పంక్చరు వేయుట, స్పోకులు బిగించుట అతనికి బాల్యమునుండియు వచ్చిన విద్య. అతడిట్లు వ్రాసినాడు :

"సార్, మా దుకాణానికి ఒక పెద్దాయన మోటారున్న కొండ సైకిలు తెచ్చాడు. గుంటలో దూకినప్పుడల్లా వెనుక షాకు అడుగంటి ఠక్కుమంటోంది. కొత్త లింకు వేయమంటున్నాడు. దాని ఖరీదు నా నెల గది అద్దెలో సగానికి పైనే ఉంది. వేస్తే బాగుపడుతుందా, లేక ఆయన డబ్బు వృథా అవుతుందా? మా అబ్బాజాన్ అయితే కొలవకుండా ఏదీ విప్పరు. దేన్ని కొలవాలో చెప్పండి."

మేము ఆ ఉత్తరమును భౌతికశాస్త్ర శాఖలోని మిత్రులకు చూపి, వారితో కూర్చుండి లెక్క కట్టి, అతనికి జవాబు వ్రాసినాము. ఆ జవాబునే మన విద్యార్థులందరికిని ఉపయోగపడునట్లు కొంత విస్తరించి ఇచట అందించుచున్నాము.

కొండ సైకిలు పుట్టుక :

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, మారిన్ కౌంటీలో, కొందరు యువకులు పాత బరువు సైకిళ్ళను కొండపైకి తీసుకొనిపోయి మట్టిదారిన క్రిందికి దౌడు తీయించెడివారు. 1976లో ఫెయిర్‌ఫాక్స్ వద్ద వారు జరిపిన పందెమునకు 'రీప్యాక్' అని పేరు. దిగునప్పుడు వెనుక బ్రేకు వేడెక్కి అందులోని గ్రీజు కాలిపోయెడిది. ప్రతిసారియు గ్రీజును తిరిగి నింపవలసి వచ్చుటచేత ఆ పేరు వచ్చినది. ఆ సైకిళ్ళకు ముందుగాని వెనుకగాని స్ప్రింగు లేదు. రాతి దెబ్బ అంతయు మనిషి నడుముకే తగిలెడిది.

వెనుక చక్రమునకు ఒకే షాకును అమర్చు పద్ధతి మోటారు సైకిలు పందెములలో ముందే బలపడినది. లూసియన్ టిల్కెన్స్ అను బెల్జియం దేశీయుని ఆలోచనను యమహా సంస్థ స్వీకరించగా, 1973లో స్వీడను దేశపు పోటీదారు హాకన్ ఆండర్సన్ అట్టి బండిపై 250 సి.సి. మోటోక్రాస్ ప్రపంచ విజేత అయినాడు. ఆస్ట్రియాలో పుట్టి మోటోక్రాస్ పందెములలో ఆరితేరిన హోర్స్ట్ లైట్నర్ సైకిలు వెనుక భాగమున నాలుగు కడ్డీల అమరికకు ఒక ముఖ్యమైన రూపమిచ్చినాడు. అందలి వెనుక కీలు నేటికిని ఆయన పేరనే 'హోర్స్ట్ లింకు' అని పిలువబడుచున్నది. ఆ పేటెంటును 1998లో స్పెషలైజ్డ్ సంస్థ కొనుగోలు చేసినది. నేటి విద్యుత్ కొండ సైకిళ్ళలో పెక్కింటికి ఈ నాలుగు కడ్డీల అమరికయే ఆధారము.

లింకు చేయు పని :

మన పల్లెలలో ఏతము తొక్కిన తాతలకు తులాదండ సూత్రము పుస్తకమున చదువవలసిన అవసరము లేకపోయెను. దూలముపై మనిషి ఆధారమునకు దూరముగా నడిచిన బరువు తేలికగా లేచును. దగ్గరకు వచ్చిన లేవదు. అయితే తేలికగా లేపువాడు ఎక్కువ దూరము కదలవలెను. బలమున లాభించినది దూరమున నష్టపోవుట ఇందలి నియమము.

సైకిలు వెనుక లింకు ఒక చిన్న ఏతమే. దానిని కొందరు రాకరు అందురు. దాని ఒక కొన చక్రమును మోయు కడ్డీలకును, రెండవ కొన షాకునకును తగిలి ఉండును. నడుమ ఫ్రేమునకు కీలు. చక్రము 150 మిల్లీమీటర్లు పైకి లేచునప్పుడు షాకు 60 మిల్లీమీటర్లు మాత్రమే నొక్కుకొనును అనుకొందము. 150ని 60తో భాగించగా 2.5 వచ్చును. దీనినే లీవరు నిష్పత్తి అందురు. అనగా చక్రము వద్ద ఒక కిలో బలము షాకు వద్ద రెండున్నర కిలోల బలముగా పని చేయును.

ఇచట గమనింపదగిన విశేషము ఒకటి కలదు. ఈ నిష్పత్తి ప్రయాణమంతటను ఒకే రీతిగా ఉండదు. లింకు తిరుగుకొలది కీలునుండి బలరేఖకు గల లంబదూరము మారును. దానితో నిష్పత్తియు మారును. మొదట ఎక్కువగా ఉండి చివరకు తగ్గునట్లు లింకును మలచినచో, చిన్న రాళ్ళపై చక్రము మెత్తగా కదలును; పెద్ద దెబ్బ తగిలినప్పుడు చివర గట్టిపడును.

ఈ గుణము మన లారీలవారికి క్రొత్త కాదు. లారీ వెనుక ఉండు కమాను పట్టీలను చూడుడు. కమాను అనగా ఉర్దూలో విల్లు. కొన్ని లారీలలో పెద్ద కమానుపై చిన్న కమాను మరియొకటి ఉండును. ఖాళీ బండికి అది తగలదు. సరుకు నిండినప్పుడే పనిలోనికి వచ్చును. బరువు హెచ్చుకొలది బిగువు హెచ్చవలెనను కోరికను లారీ అదనపు పట్టీతో తీర్చుకొనగా, సైకిలు లింకు ఆకారముతో తీర్చుకొనుచున్నది.

ఒక లెక్క :

పాత లింకునందు నిష్పత్తి 2.7తో మొదలై 2.3తో ముగియుననుకొందము. తగ్గుదల సుమారు 15 శాతము. క్రొత్త లింకునందు 2.85తో మొదలై 2.15తో ముగియుననుకొందము. తగ్గుదల సుమారు 25 శాతము. రెండింటి సగటు 2.5 కావున చక్రము ప్రయాణము 150 మిల్లీమీటర్లుగానే నిలుచును. షాకుపై మిల్లీమీటరుకు 90 న్యూటన్ల గట్టిదనము గల ఇనుప స్ప్రింగు ఉన్నదనుకొందము.

షాకు పూర్తిగా 60 మిల్లీమీటర్లు నొక్కుకొన్నప్పుడు స్ప్రింగు బలము 5,400 న్యూటన్లు. చక్రము వద్ద అది పాత లింకుతో 5,400ను 2.3తో భాగించగా సుమారు 2,350 న్యూటన్లు. క్రొత్త లింకుతో 2.15తో భాగించగా సుమారు 2,510 న్యూటన్లు. అనగా చివరి గట్టిదనము ఏడు శాతము పెరిగినది. ఇంతవరకు అందరును చెప్పుదురు.

కాని స్ప్రింగులో నిలువ చేరు శక్తిని చూడుడు. అది స్ప్రింగు గట్టిదనముపైనను, అది నొక్కుకొన్న దూరముపైనను మాత్రమే ఆధారపడును. మన లెక్కలో రెండు లింకులకును అది 162 జౌళ్ళే. లింకు శక్తిని పుట్టించలేదు. మొదట తక్కువగాను చివర ఎక్కువగాను పంచిపెట్టగలదు, అంతే. మొదటి భాగము మెత్తబడినందున మనిషి కూర్చున్నంతనే వెనుక భాగము మునుపటికంటె ఎక్కువ దిగును. ఈ దిగుడును తిరిగి ప్రయాణములో 30 శాతమునకు, అనగా 45 మిల్లీమీటర్లకు, తేవలెనన్నచో స్ప్రింగు సుమారు ఏడు శాతము గట్టిది వేయవలెను. అప్పుడే నిలువ శక్తి 162నుండి సుమారు 174 జౌళ్ళకును, చివరి బలము సుమారు 2,690 న్యూటన్లకును పెరుగును. కాబట్టి లింకు మార్చి స్ప్రింగును సరిచూడనివాడు సగము పనియే చేసినవాడగును. ఇదియే ఈ పాఠమునకు కీలకము.

విద్యుత్ సైకిలునందలి విశేషము :

మోటారును, బ్యాటరీని మోయుటచేత ఇట్టి సైకిలు ఇరువది కిలోలకు మించి తూగుట సాధారణము. మోటారు పెడళ్ళ ఇరుసు వద్దను, బ్యాటరీ ఫ్రేము క్రింది గొట్టములోను ఉండుటవలన ఆ బరువు స్ప్రింగు పైభాగమునకే చెందును. చక్రమునకు తగిలి ఉండు బరువు అంతగా పెరుగదు. ఇది చక్రము నేలను వెంటాడుటకు అనుకూలము. అయితే గుంటలో దిగునప్పుడు ఆపవలసిన బరువు హెచ్చును; కీళ్ళపై, బేరింగులపై, బోల్టులపై భారము హెచ్చును.

రెండవది చెయిను లాగు బలము. ఇచట కాలి బలమునకు మోటారు బలము తోడై రెండును కలిసి చెయినును లాగును. ఆ లాగుడు వెనుక భాగమును కూర్చుండబెట్టునా, లేవనెత్తునా అనునది కీళ్ళ స్థానములను బట్టి ఉండును. క్రొత్త లింకులో షాకు తగులు రంధ్రము మాత్రమే జరిగినచో చక్రము నడచు దారి మారదు. నిష్పత్తి మాత్రమే మారును. ఫ్రేము కీలునకును కడ్డీ కీలునకును నడుమ దూరము మారినచో చక్రపు దారియు, చెయిను ప్రభావమును కూడ మారును. కొనువాడు ఈ రెంటి తేడాను అడిగి తెలిసికొనవలెను.

వెనుక చిన్న చక్రము వేయగోరువారికై వచ్చు లింకులు మరియొక రకము. 29 అంగుళముల చక్రపు రిమ్ము కొలత 622 మిల్లీమీటర్లు, 27.5 అంగుళములదానికి 584. తేడాలో సగము, అనగా 19 మిల్లీమీటర్లు, వెనుక ఇరుసు క్రిందికి దిగును. దానివలన పెడలు రాళ్ళకు తగులు ప్రమాదము కలదు. ఆ దిగుడును పూరించుటకే అట్టి లింకు.

మార్చుటకు ముందు :

మొదట, సవారీ చేయువాడు తన సామగ్రితో కూర్చుండగా దిగుడును కొలువవలెను. రెండవది, షాకు గాలిదా, ఇనుప స్ప్రింగుదా చూడవలెను. గాలి నొక్కుకొనుకొలది తనంతట తానే గట్టిపడును. గాలి గదిలో చిన్న ప్లాస్టిక్ ముక్కలు వేసి స్థలము తగ్గించిన ఇంకను గట్టిపడును. ఆ ఖర్చు స్వల్పము. క్రొత్త లింకు వలన అసలైన లాభము ఇనుప స్ప్రింగు గల సైకిలునకే ఎక్కువ. మూడవది, పాత బేరింగులను వేలితో తిప్పి చూడవలెను. బిగుసుకొనిపోయిన బేరింగును లింకు దోషముగా భావించుట కలదు. నాలుగవది, ఇతరులు చేసిన లింకు వేసినచో ఫ్రేము తయారీదారుల పూచీ చెల్లునా లేదా అని వ్రాతమూలకముగా అడుగవలెను.

మార్చు పద్ధతి :

బ్యాటరీని తీసి ప్రక్కన పెట్టవలెను. సైకిలును స్టాండునకు బిగించి, గాలి షాకైనచో గాలి పూర్తిగా వదలవలెను. ఏ బోల్టు ఎచటిదో వరుసగా కాగితముపై పేర్చుకొనవలెను. బేరింగులను సుత్తితో కొట్టరాదు. ప్రెస్సుతో తిన్నగా నొక్కవలెను. ప్రతి బోల్టును తయారీదారులు ఇచ్చిన కొలతకే టార్కు రెంచితో బిగించవలెను. చేతి అంచనా ఇనుప ఫ్రేమునకు చెల్లునేమోగాని, అల్యూమినియము మరకు చెల్లదు.

అన్నింటికంటె ముఖ్యమైనది తరువాతి మెట్టు. స్ప్రింగు తీసివేసి, లేదా గాలి లేకుండ, చక్రమును చేతితో మొదటినుండి చివరివరకు ఎత్తి చూడవలెను. టైరు ఫ్రేమునకు తగులునా? షాకు ఒడలు లింకునకు రాచుకొనునా? బ్రేకు గొట్టము బిగియునా? అది తృప్తికరమైన పిదపనే స్ప్రింగు వేసి దిగుడు సరిచూడవలెను. మొదటి కొన్ని సవారీల తరువాత బోల్టులను మరల పరీక్షింపవలెను.

ముగింపు :

మా విద్యార్థి మొదట దిగుడును కొలిచినాడు. అది 54 మిల్లీమీటర్లు, అనగా 36 శాతము. ఆ పెద్దాయన బరువునకు స్ప్రింగే మెత్తనిది. ఆ సంగతి దాచి లింకు అమ్మినచో దుకాణమునకు లాభమే. అతడు దాచలేదు. గట్టి స్ప్రింగు వేయగా చిన్న గుంటలలో చప్పుడు పోయినది. పెద్ద దూకుళ్ళలో మిగిలినది. అప్పుడు ఆయన తన ఇష్టముతో లింకు తెప్పించినాడు. అది ప్రయాణమును 150నుండి 158 మిల్లీమీటర్లకు పెంచునది. అమర్చిన పిదప స్ప్రింగు లేకుండ చక్రమును ఎత్తి చూడగా, చివరి కొలది మిల్లీమీటర్లలో వెనుక టైరు ఫ్రేమునకు ఆనుకొని ఆగిపోయినది. ఆయన అంతకుముందే వెడల్పు టైరు వేయించుకొనియుండెను.

"సార్, చేత్తో ఎత్తి చూడకపోతే దుకాణంలో ఎవరికీ తెలిసేది కాదు. దిగుడులో దూకినప్పుడే తెలిసేది," అని అతడు రెండవ ఉత్తరములో వ్రాసినాడు. పరుగులో చక్రము పట్టుకొనిపోయిన మనిషి ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు. సన్నని టైరు వేసి, తగిన స్ప్రింగు ఎంచి, సైకిలు అప్పగించినాడు. ఆ పెద్దాయన అడవి దారులలో నేటికిని తిరుగుచున్నాడట.

విద్యార్థులారా! అతనికి ఉపకరించిన సూత్రము మీ పాఠ్యపుస్తకములోని తులాదండ సూత్రమే. ఉపకరించిన అలవాటు అతని తండ్రి దుకాణమున నేర్చినది. ఈ రెంటిలో ఏది లేకున్నను ఆ పని చెడియుండెడిది. మీలో పలువురి ఇండ్లలో స్పానర్లు పట్టిన చేతులు కలవు. ఆ సంగతి తరగతిలో చెప్పుటకు సంకోచింపకుడు. కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము ఒకటే : భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక పాత మోటారు సైకిలు వెనుక భాగమును షాకుతో సహా ఉంచుడు. అది పాత ఇనుము అంగడిలో దొరకును. దానిని చేతితో ఎత్తి, దించి, కొలిచి చూచిన పిల్లవానికి నిష్పత్తి అను మాట ఇక మరపునకు రాదు.