రెక్కకు ముందు తూకం

ప్రొద్దుటూరు

చిరంజీవి మేనల్లునికి,

రేడియో నియంత్రిత విమాన నమూనా కిట్ తెప్పించుకున్నవాడికి పెట్టె విప్పగానే దానిని మార్చాలనిపించడం సహజమే గాని, మార్పు అనేది ప్లాన్‌లో ఉన్న విమానం ఒకసారి సవ్యంగా ఎగిరి దిగిన తరువాత చేయదగిన పని. ముందే మార్చినవాడికి విమానం కూలినప్పుడు లోపం కిట్‌లో ఉన్నదో, అతికింపులో ఉన్నదో, తాను చేసిన మార్పులో ఉన్నదో తెలుసుకునే దారి ఉండదు. తొలి విమానంగా రెక్క దేహానికి పైన ఉండే ట్రైనర్ రకమే తగినది. దాని రెక్కలు కొసల వైపు కొద్దిగా పైకి లేచి ఉంటాయి. డైహెడ్రల్ అనే ఈ వాటం, విమానం ఒక పక్కకు ఒరిగితే దానిని తిరిగి నిలబెడుతుంది గనుక, చూడటానికి బాగుండదని రెక్కను తిన్నగా చేయడం కొత్తవాడు ఎన్నడూ తలపెట్టరాదు.

కిట్‌లోని బాల్సా చూపుకు చెక్క, చేతికి బెండు. ఆ తేలికదనాన్ని జిగురే మింగేస్తుంది. అతుకు గట్టిగా ఉండాలని ఎపాక్సీని ధారాళంగా పూస్తే బలం పెరగదు, బరువే పెరుగుతుంది. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళలో పొడిని సైతం తూచే చిన్న ఎలక్ట్రానిక్ కాటా వంటిది ఒకటి బల్లమీద ఉంటే, ప్రతి ముక్కనూ అతికించక ముందొకసారి, ఆరిన తరువాత మరొకసారి తూచి చీటీమీద రాసుకోవచ్చు. 900 గ్రాములకు రూపొందిన విమానం 1,080 గ్రాములైతే, అంటే 20 శాతం పెరిగితే, దాని స్టాల్ వేగం సుమారు 10 శాతం పెరుగుతుంది. స్టాల్ అంటే రెక్క మీది గాలి ప్రవాహం విడిపోయి, ఎత్తే బలం ఒక్కసారిగా పడిపోవడం. ఆ వేగం పెరిగిన విమానం దిగేటప్పుడు కూడా అంత వడిగానే దిగవలసివస్తుంది.

బరువు ఎంత అన్నదానికంటే ఎక్కడ అన్నది ఎక్కువ ప్రమాదకరం. గురుత్వ కేంద్రానికి 60 సెంటీమీటర్ల వెనుక, తోకలో 20 గ్రాముల అలంకారం చేర్చితే, దానిని సరిపెట్టడానికి 20 సెంటీమీటర్ల ముందున్న ముక్కులో 60 గ్రాముల సీసం పెట్టవలసివస్తుంది. ముచ్చటకు 20 గ్రాములు, మూల్యం 80 గ్రాములు. ట్రైనర్‌లో గురుత్వ కేంద్రం సాధారణంగా రెక్క ముందంచు నుండి వెడల్పులో 25 నుండి 33 శాతం మధ్య ఉంటుంది గనుక, 20 సెంటీమీటర్ల వెడల్పున్న రెక్కకు 5 నుండి 6.6 సెంటీమీటర్ల మధ్య గీత గీసి, బ్యాటరీతో సహా విమానాన్ని ఆ గీత కింద రెండు చూపుడు వేళ్ళ కొసలమీద నిలిపితే, ముక్కు వెంట్రుకవాసి కిందికి వంగాలి. తోక వంగితే ఆ రోజు ఎగరేయరాదు.

మోటారు మార్పు అందరినీ ఊరించేది. కేవీ అనే అంకె, భారం లేనప్పుడు ఒక్కొక్క వోల్టుకు మోటారు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెబుతుంది; 1000 కేవీ మోటారు 11.1 వోల్టుల మూడు సెల్‌ల లిథియం పాలిమర్ బ్యాటరీమీద 11,100 చుట్లు తిరుగుతుంది. అదే ప్రొపెల్లర్ ఉంచి నాలుగు సెల్‌ల బ్యాటరీ తగిలిస్తే కరెంటు ఒకటిన్నర రెట్లకు పైగా పెరిగి, మోటారు వేగాన్ని నియంత్రించే ఈఎస్‌సీ కాలిపోయే అవకాశం ఉంది. ప్రొపెల్లర్‌ను చిన్నది చేయకుండా సెల్ పెంచడం బుద్ధిమంతుల పని కాదు.

ఇక ఎగరేసే చోట్ల సంగతి. పులివెందుల వైపు అరటి, చీనీ తోటల్లో పడిన విమానాన్ని వెతకడమే ఒక పూట పని, బోర్లకు వెళ్ళే కరెంటు తీగలు అదనం. జమ్మలమడుగు నల్లరేగడి పొలాలు విశాలమైనవే గాని, వేసవిలో నెర్రెలు విచ్చి చక్రాలను పట్టేస్తాయి. పైగా 42 డిగ్రీల ఎండలో గాలి సాంద్రత ప్రామాణికమైన 15 డిగ్రీలతో పోలిస్తే సుమారు 9 శాతం తగ్గి రెక్కకు పట్టు తక్కువవుతుంది, దానిమీద అతికించిన ప్లాస్టిక్ ఫిల్మ్ సాగి ముడతలు పడుతుంది. నైరుతి గాలుల నెలల్లో తెల్లవారుజామునే ఎగరేయాలి. గండికోట లోయ మీద ఎగరేయాలన్న కోరిక యువకులకు కలుగుతుంది గాని, అది రక్షిత కట్టడమున్న చోటు. అంతేగాక పెన్న కోసిన ఆ గోడల కిందికి విమానం దిగిందంటే 2.4 గిగాహెర్ట్‌జ్ సంకేతానికి రాయి అడ్డుపడుతుంది.

2021 డ్రోన్ నియమాలు, విద్య, పరిశోధన, వినోదం వంటి పనులకే వాడుతూ కంటి చూపుమేరలో ఎగరేసే, 25 కిలోలు మించని వాటిని నమూనా విమానాలుగా నిర్వచించాయి. ప్రభుత్వ డిజిటల్ స్కై గగనతల పటంలో చోటు ఏ జోన్‌లో ఉన్నదో చూసుకున్న తరువాతే బ్యాటరీ తగిలించాలి.

శనగ కోతలు ముగిసి, నెర్రెలు ఇంకా విచ్చని మాఘమాసంలో జమ్మలమడుగు పొలాలు ఖాళీగా ఉంటాయి. అప్పటికి రంగు వేయని విమానంతో, తూకం చీటీతో మేనల్లుడు ప్రొద్దుటూరు రావచ్చు. సీసం ముక్కలు ఇక్కడ ఉన్నాయి.

ఇట్లు,
మేనమామ