వేడినీళ్ళ హీటరు మొరాయిస్తే: ఇంట్లో చూసుకోవలసినవి, ముట్టుకోకూడనివి



ఆపరేషన్ అయినవారిని, బాలింతను, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారిని ఇంటికి తీసుకువెళ్ళగానే ముందుగా కావలసి వచ్చేది వేడినీళ్ళు. చలికాలమైతే మరీ అవసరం. మోత్కూర్ చుట్టుపక్కల ఇళ్ళలో కట్టెల పొయ్యి స్థానంలో ఇప్పుడు చాలావరకు హీటర్ రాడ్డు, కొన్ని ఇళ్ళలో గీజరు కనిపిస్తాయి. నీళ్ళు, కరెంటు ఒకేచోట కలిసే వస్తువులివి. పాడైనప్పుడు మనమే బాగుచేసుకుంటే నాలుగు డబ్బులు మిగులుతాయని అనిపించడం సహజమే. అయితే బయటినుండి చూసి సరిచేసుకోగలిగినవి కొన్ని, విప్పి చూడకూడనివి కొన్ని ఉన్నాయి. ఆ తేడా తెలుసుకోవడమే ఈ పాఠం.

మొదటి నియమం

రాడ్డును ముందు నీళ్ళలో గుర్తు గీత వరకు ముంచి, తరువాతే స్విచ్చి వేయాలి. తీసేటప్పుడు ముందు స్విచ్చి ఆపాలి, ప్లగ్గు ఊడదీయాలి, ఆ తరువాతే రాడ్డు తీయాలి. కరెంటు ఉండగా నీళ్ళు కాగాయో లేదో వేలు పెట్టి చూడరాదు. ఇనుప బకెట్టు వాడరాదు. ప్లాస్టిక్ బకెట్టయినా రాడ్డు దాని అంచుకు, అడుగుకు తగలకూడదు. బకెట్టు ప్లాస్టిక్‌దైనంత మాత్రాన అందులోని నీళ్ళు షాకు కొట్టవని అనుకోకండి.

ఏ ఇబ్బందికి ఏమి కారణం?

1. నీళ్ళు అసలు వేడెక్కడం లేదు. అదే సాకెట్టులో వేరే వస్తువు పెట్టి చూడండి. అదీ పనిచేయకపోతే తప్పు సాకెట్టుది, లేదా పడిపోయిన ఎంసీబీది. సాకెట్టు బాగుంటే రాడ్డు లోపలి తీగ కాలిపోయి ఉంటుంది. దానిని విప్పి అతికించే ప్రయత్నం వద్దు, కొత్తది కొనండి.

2. చాలా ఆలస్యంగా వేడెక్కుతోంది. 15 లీటర్ల నీళ్ళు 20 డిగ్రీల నుండి 45 డిగ్రీలకు రావడానికి 1,500 వాట్ల రాడ్డుకు సుమారు 20 నిమిషాలు చాలు. కానీ 230 ఉండవలసిన వోల్టేజి 180కి పడిపోతే ఆ రాడ్డు దాదాపు 920 వాట్ల పనే చేస్తుంది. అప్పుడు అరగంటకు పైగా పడుతుంది. అది రాడ్డు తప్పు కాదు. వోల్టేజి బాగున్నా ఆలస్యమైతే రాడ్డు మీద తెల్లని పొర కట్టిందేమో చూడండి.

3. ప్లగ్గు వేడెక్కుతోంది, కాలిన వాసన వస్తోంది. 1,500 వాట్ల రాడ్డు ఆరున్నర ఆంపియర్ల కరెంటు లాగుతుంది. ఫ్యాను, లైటు కోసం పెట్టిన చిన్న 6 ఆంపియర్ల సాకెట్టుకు అది భారం. దీనికి పెద్ద 16 ఆంపియర్ల సాకెట్టు కావాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద రాడ్డు వాడరాదు.

4. ఎంసీబీ మాటిమాటికి పడిపోతోంది, ఫ్యూజు పోతోంది. ఎక్కడో తప్పు ఉందని చెప్పే హెచ్చరిక అది. లావు తీగ కట్టి ఫ్యూజును నిలబెట్టడం అంటే ఆ హెచ్చరికను నోరు మూయించడమే.

5. కుళాయి ముట్టుకుంటే జిల్లుమంటోంది. ఇది అన్నిటికన్నా ప్రమాదం. వెంటనే మెయిన్ ఆపి వాడకం మానేయండి. ఇక ఎలక్ట్రీషియన్ చూసేవరకు ఎవరూ స్నానాలగదిలో గీజరు వేయకూడదు.

తెల్లని పొర సంగతి

పాత నల్లగొండ జిల్లాలో చాలాచోట్ల బోరునీళ్ళు గట్టినీళ్ళు. వాటిలో కరిగి ఉన్న సున్నం పదార్థం వేడి తగలగానే విడిపోయి రాడ్డుకు అంటుకుంటుంది. ఈ పొర దుప్పటిలా పనిచేసి వేడిని నీళ్ళలోకి పోనివ్వదు. లోపలి తీగ మితిమీరి కాగి, చివరకు పై గొట్టం చిట్లుతుంది. అక్కడినుండే కరెంటు నీళ్ళలోకి దిగుతుంది.

ఈ పని మీరు ఇంట్లోనే చేసుకోవచ్చు. ప్లగ్గు తీసి, రాడ్డు పూర్తిగా చల్లారాక, నీళ్ళలో నిమ్మ ఉప్పు గాని వెనిగర్ గాని కలిపి, పొర కట్టిన భాగం మాత్రమే అరగంట నానబెట్టండి. మెత్తని గుడ్డతో తుడిచి, కడిగి, ఆరబెట్టండి. కత్తితో గీకరాదు. చిట్లు కనిపిస్తే ఆ రాడ్డు ఇక పనికిరాదు. గీజరు లోపలి పొరను మాత్రం మెకానిక్ చేతనే తీయించాలి.

ఇంకొక మాట. నీళ్ళు కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు. మరిగి ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్ళలో దాని పాలు పెరుగుతుంది. రోగికి తాగడానికి శుద్ధిచేసిన నీళ్ళే ఇవ్వండి.

ఎర్తు, ఆర్‌సీసీబీ

మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను ఎర్తుది. దానిని విరగ్గొట్టి రెండు పిన్నులతో వాడేవారు ప్రాణానికున్న కాపలాను తీసేసినట్టే. మన రాతినేల వేసవిలో ఎండిపోయి ఎర్తు బలహీనపడుతుంది కనుక ఎర్తు గుంతలో అప్పుడప్పుడు నీళ్ళు పోయాలి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకుంటే, కరెంటు దారి తప్పినప్పుడు రెప్పపాటులో సరఫరా ఆగుతుంది.

కుంపటి, గ్యాస్ గీజరు

కరెంటు లేని రాత్రి బాలింత గదిలో తలుపులు మూసి కుంపటి పెట్టరాదు. బొగ్గుల నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు. తలనొప్పి, వాంతి, మత్తు వచ్చి నిద్రలోనే ప్రాణం పోవచ్చు. గాలి ఆడని స్నానాలగదిలో గ్యాస్ గీజరుతోనూ ఇదే ప్రమాదం. చలిదేశాలలో ఇల్లంతా వేడిచేసే బాయిలర్లున్న ఇళ్ళలో ఈ వాయువును పసిగట్టే అలారం పెట్టుకునేది ఇందుకే. అక్కడున్న మీ పిల్లలకూ ఈ మాట చెప్పండి.

ప్రమాదం జరిగితే

షాకు కొట్టినవారిని చేత్తో పట్టుకోకండి. ముందు మెయిన్ ఆపండి. వీలుకాకపోతే పొడి నేలమీద నిలబడి ఎండు కర్రతో తీగను తప్పించండి. 108కి ఫోను చేయండి. స్పృహ, శ్వాస లేకపోతే రొమ్ము మధ్యలో నిమిషానికి 100 నుండి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి. తేరుకున్నా ఆసుపత్రికి తీసుకురండి, గుండె లయ తప్పి ఉండవచ్చు.

నీళ్ళు పడి కాలితే 20 నిమిషాలు చల్లని కుళాయి నీళ్ళు పోయండి. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసేయండి. మంచుగడ్డ, టూత్‌పేస్టు, సిరా, పసుపు పూయరాదు. శుభ్రమైన గుడ్డ కప్పి తీసుకురండి.

షుగరు వల్ల పాదాలు మొద్దుబారిన వారికి, పసిపిల్లలకు స్నానం చేయించేటప్పుడు, రాడ్డు తీసేసి నీళ్ళు కలిపిన తరువాత మీ మోచేతితో వేడి చూసి పోయండి. కాలుతున్నా చెప్పలేనివారు వారు.

ఇంట్లో అందరూ కలిసి చూసుకోండి

1. మన హీటరు ఏ సాకెట్టులో ఉంది?
2. ప్లగ్గుకు మూడో పిన్ను ఉందా?
3. మెయిన్ స్విచ్చి ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలుసా?
4. రాడ్డు మీద పొర చివరిసారి ఎప్పుడు తీశాము?

పడక మీదినుండి కోలుకుని లేచిన మనిషిని దేవుడు మళ్ళీ మన చేతికి అప్పగించాడు. ఒక పాత రాడ్డు కోసం ఆ ప్రాణాన్ని పణంగా పెట్టకండి. ప్లగ్గు తీసి చేయగలిగిన పని మీది, విప్పి చేయవలసిన పని ఎలక్ట్రీషియన్‌ది.