పట్టీలో కనిపించని కోత

గుంటూరు మిర్చి యార్డులో సరుకు అమ్మిన రైతు చేతికి పట్టీ వస్తుంది. కమీషన్, హమాలీ, కాటా ఖర్చు అన్నీ అందులో రాసి ఉంటాయి. అయినా ఆరితేరిన రైతు అక్కడితో ఆగడు. తన తేజ రకం మిర్చిలాంటిదే ఆ పూట పక్క కొట్టులో ఏ ధరకు పోయిందో కనుక్కుంటాడు. క్వింటాలుకు మూడు వందలు తగ్గించి ధర తెగ్గొట్టి ఉంటే, ఆ మూడు వందలు పట్టీలో ఏ గడిలోనూ కనిపించవు. హమాలీ కంటే పెద్ద దెబ్బ అదే.

ఫోన్లో ఈటీఎఫ్‌లు కొంటున్న ఉద్యోగులు ఇలా ఆరా తీయడం తక్కువ. బ్రోకరు పంపే కాంట్రాక్ట్ నోటే వాళ్లకు పట్టీ. అందులో బ్రోకరేజి సున్నా అని ఉంటే ఖర్చే లేదనుకుంటారు.

ఈటీఎఫ్ అంటే స్టాక్ ఎక్స్ఛేంజీలో షేరులాగా కొని అమ్ముకునే ఫండ్ యూనిట్. మన దేశంలో మొదటిది నిఫ్టీ బీస్. 2001 డిసెంబరులో బెంచ్‌మార్క్ మ్యూచువల్ ఫండ్ తెచ్చింది, చేతులు మారి ఇప్పుడు నిప్పన్ ఇండియా దగ్గరుంది. బంగారం ఈటీఎఫ్ 2007లో వచ్చింది. ఇక ఈపీఎఫ్ఓ 2015 ఆగస్టు నుంచి మన పీఎఫ్ డబ్బులో కొంత వాటాను ఈటీఎఫ్‌లలో పెడుతూనే ఉంది. అంటే గణపవరం స్పిన్నింగ్ మిల్లులో పీఎఫ్ కట్టే సూపర్‌వైజరుకు, తెలిసినా తెలియకపోయినా, ఈటీఎఫ్‌తో చుట్టరికం ఉన్నట్టే. కాకపోతే అక్కడ కొనేది కోట్లలో, చూసుకునేది ఫండ్ మేనేజర్లు. సొంతంగా యాభై వేలు పెట్టేటప్పుడు చూసుకోవాల్సింది మనమే.

ముందు కనిపించే ఖర్చుల సంగతి. లక్ష రూపాయల ఈటీఎఫ్ కొంటే స్టాంపు డ్యూటీ 0.015 శాతం, అంటే 15 రూపాయలు. ఎక్స్ఛేంజీ చార్జీ మూడు రూపాయల చిల్లర, దానిమీద జీఎస్టీ. ఈక్విటీ ఈటీఎఫ్ అమ్మేటప్పుడు ఎస్టీటీ అనే లావాదేవీ పన్ను 0.001 శాతం, లక్షకు ఒక్క రూపాయి. అమ్మిన రోజున డీమ్యాట్ ఖాతా నుంచి యూనిట్లు బయటికి పోయినందుకు డీపీ చార్జీ ఉంటుంది. చాలా బ్రోకర్ల దగ్గర అది పది ఇరవై రూపాయల లెక్క. ఇవన్నీ కలిపినా లక్షకు యాభై దాటడం కష్టం. బ్రోకరేజి మాత్రం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. గుంటూరు బ్రాడీపేటలో తెలిసినాయన ఆఫీసుందని ఖాతా తెరిచినవాళ్లు శాతం ఎంత, ఆర్డరుకు కనీస రుసుం ఎంత అని మొహమాటపడకుండా అడగాలి. కనీసం పాతిక రూపాయలనే షరతు ఉంటే వెయ్యి రూపాయల కొనుగోలు మీద రెండున్నర శాతం అక్కడే పోతుంది.

ఇప్పుడు కాగితం మీదికి రాని ఖర్చు చూద్దాం. యాప్‌లో ఈటీఎఫ్ పేరు నొక్కితే మార్కెట్ డెప్త్ కనిపిస్తుంది. ఒకవైపు కొనేవాళ్లు ఇస్తామంటున్న ఐదు ధరలు, మరోవైపు అమ్మేవాళ్లు అడుగుతున్న ఐదు ధరలు, ఒక్కో ధరకు ఎన్ని యూనిట్లున్నాయో పక్కనే అంకె. కొనేవాళ్ల ధరల్లో అన్నిటికంటే ఎక్కువదానికీ, అమ్మేవాళ్ల ధరల్లో అన్నిటికంటే తక్కువదానికీ మధ్య ఉన్న తేడానే స్ప్రెడ్.

ఒక లెక్క వేసుకుందాం. ఎవరూ పెద్దగా కొనని ఏదో ఒక రంగం ఈటీఎఫ్, దాని లోపలి విలువ, అంటే అందులోని షేర్ల విలువ, యూనిట్‌కు 100 రూపాయలు. కొనేవాడు 99.40 ఇస్తానంటున్నాడు, అమ్మేవాడు 100.60 అడుగుతున్నాడు. వెయ్యి యూనిట్లు కొంటే 1,00,600 కట్టాలి. మరుక్షణం మనసు మారి అమ్మితే 99,400 వస్తుంది. 1,200 రూపాయలు ఆవిరి. మార్కెట్ పైసా కదలలేదు, కాంట్రాక్ట్ నోటులో బ్రోకరేజి సున్నాగానే ఉంది. అదే బాగా చేతులు మారే నిఫ్టీ ఈటీఎఫ్ అయితే, 300 రూపాయల యూనిట్ మీద తేడా ఐదు పైసలున్నా లక్షకు 17 రూపాయలే. ఒక ఈటీఎఫ్ ఏటా వసూలు చేసే నిర్వహణ ఖర్చు ఇంకోదానికంటే 0.05 శాతం తక్కువ అని సంబరపడి కొని, స్ప్రెడ్‌లో 1.2 శాతం పోగొట్టుకుంటే ఆ తేడా పూడటానికి ఇరవై ఏళ్లు దాటుతుంది.

పన్నెండు రూపాయల యూనిట్ చవక, మూడు వందల యూనిట్ ఖరీదు అనే భ్రమ ఒకటుంది. యూనిట్ ధరకూ చవకతనానికీ సంబంధం లేదు. పైగా ధర ఒక పైసా కంటే తక్కువలో కదలదు కాబట్టి, పన్నెండు రూపాయల యూనిట్ మీద అతి చిన్న స్ప్రెడ్ కూడా 0.08 శాతం అవుతుంది.

ఈ తేడా ఎవరి జేబులోకి పోతుంది? చాలాసార్లు మార్కెట్ మేకర్‌కి. ప్రతి ఈటీఎఫ్‌కూ కనీసం ఇద్దరు మార్కెట్ మేకర్లుండాలని సెబీ 2022లో నిబంధన పెట్టింది. రెండువైపులా ధర చెబుతూ కూర్చోవడం వాళ్ల పని. యూనిట్లు మనకు అమ్మినవాడు లోపలి షేర్లను మార్కెట్లో కొనుక్కోవాలి, దానికి వాడి ఖర్చులు వాడికుంటాయి. లోపలున్నవి రిలయన్స్, హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు లాంటివైతే అది తేలిక, స్ప్రెడ్ సన్నగా ఉంటుంది. చిన్న కంపెనీలైతే కష్టం. అమెరికా షేర్లయితే మన పగటిపూట అక్కడ మార్కెట్ మూసి ఉంటుంది, అంచనా మీదే ధర చెప్పాలి. ఆ అనుమానానికి విలువ కట్టి మన దగ్గరే వసూలు చేస్తాడు. ఇందులో మోసమేమీ లేదు. కానీ ఎంత కడుతున్నామో తెలిసి కట్టాలి.

స్ప్రెడ్ కంటే ప్రమాదకరమైనది ప్రీమియం, అంటే మార్కెట్ ధర లోపలి విలువ కంటే ఎక్కువ ఉండటం. లోపలున్న సరుకు విలువను మార్కెట్ నడుస్తుండగానే ఫండు కంపెనీ తన వెబ్‌సైట్లో చూపిస్తూ ఉండాలి. దాని పేరు ఐనావ్. ఈక్విటీ ఈటీఎఫ్‌లకు అది సెకన్ల తేడాతో మారుతుంటుంది. మార్కెట్ ధర ఐనావ్‌ను దాటి పోతుంటే పెద్ద వ్యాపారులు ఫండు దగ్గర కొత్త యూనిట్లు పుట్టించి మార్కెట్లో అమ్ముతారు, ధర దిగివస్తుంది. ఆ దారి మూసుకుపోతేనే చిక్కు. విదేశీ షేర్లలో మ్యూచువల్ ఫండ్లు పెట్టగల డబ్బుకు పరిమితి ఉంది. 2022లో ఫండ్లు ఆ గీత దగ్గరికి చేరాక కొత్త యూనిట్లకు అడ్డుపడింది. ఆ తర్వాత నాస్‌డాక్ 100 ఈటీఎఫ్‌ను లోపలి విలువ కంటే పది శాతానికి పైగా ఎక్కువ పెట్టి కొన్నవాళ్లున్నారు.

మన ఇళ్లకు ఇంకా దగ్గరి సంగతి వెండిది. 2025 అక్టోబరులో దీపావళి ముందు వెండికి కొరత వచ్చింది. అప్పట్లో ఈటీఎఫ్‌ల లెక్క లండన్ ధర మీద నడిచేది, ఇక్కడ బజారులో వెండి అంతకంటే పైన పలికింది. కొన్ని వెండి ఈటీఎఫ్‌ల ధర ఐనావ్ కంటే పది శాతానికి పైగా ఎగబాకింది. కోటక్, ఎస్‌బీఐ, యూటీఐ వంటి సంస్థలు ఆ ఈటీఎఫ్‌లలో పెట్టే తమ ఫండ్లలోకి ఒకేసారి పెద్ద మొత్తం తీసుకోవడం తాత్కాలికంగా ఆపేశాయి. నడిపేవాళ్లే ఆ ధరకు కొనలేమని చేతులెత్తేసిన రోజుల్లో ఫోన్లో ‘కొను’ బటన్ మాత్రం మామూలుగానే పనిచేసింది. కొరత తీరాక ముందు కరిగేది ఆ ప్రీమియమే. వెండి ధర నిలబడ్డా మీ యూనిట్ ధర పడుతుంది.

కాబట్టి పద్ధతి ఇది. మార్కెట్ ఆర్డరు పెట్టొద్దు, ఎప్పుడూ లిమిట్ ఆర్డరే, అంటే ఇంతకు మించి ఇవ్వనని ధర చెప్పి పెట్టే ఆర్డరు. మార్కెట్ ఆర్డరంటే ఏ ధరకైనా సరే ఇచ్చెయ్యమని చెప్పడం. 100.60కి నలభై యూనిట్లే ఉంటే మిగతావి 101కి, 102కి పడతాయి. ముందు ఐనావ్ చూడండి, దానికి ఒకటి రెండు పైసలు పైన లిమిట్ పెట్టండి. పడకపోతే సాయంత్రానికి ఆర్డరు దానంతటదే రద్దవుతుంది, నష్టమేమీ లేదు. అమెరికా ఈటీఎఫ్‌కు మాత్రం ఐనావ్ రాత్రి ముగింపు ధరలను బట్టి ఉంటుంది, కొంత తేడా సహజం. ఉదయం 9.15కి మార్కెట్ తెరిచిన మొదటి పావుగంట, చివరి పదిహేను నిమిషాలు వదిలెయ్యండి. మార్కెట్ కుప్పకూలుతున్న రోజున అసలు జోలికి పోవద్దు. 2015 ఆగస్టు 24న న్యూయార్క్‌లో పొద్దున్నే ట్రేడింగ్ వెయ్యికి పైగా సార్లు ఆగింది, కొన్ని ఈటీఎఫ్‌లు లోపలి షేర్ల కంటే చాలా లోతుకు పడ్డాయి. ఆ గంటలో మార్కెట్ ఆర్డరుతో అమ్మినవాళ్లు దారుణంగా నష్టపోయారు.

నెలకు వెయ్యో రెండు వేలో పొదుపు చేసే ఒంగోలు టీచరుకు, చీమకుర్తి గ్రానైట్ క్వారీ గుమాస్తాకు నా మాట వేరు. ఈటీఎఫ్ ఎందుకు? అదే నిఫ్టీని అనుసరించే ఇండెక్స్ ఫండులో డైరెక్ట్ ప్లాన్ తీసుకుంటే ఆ రోజు ఎన్‌ఏవీకే, అంటే లోపలి విలువకే, యూనిట్లొస్తాయి. స్ప్రెడ్ లేదు, డీమ్యాట్ అక్కర్లేదు. నిర్వహణ ఖర్చు ఏడాదికి 0.15 శాతం ఎక్కువనుకున్నా పాతిక వేల మీద అది 38 రూపాయలు. అంతకోసం ప్రతి నెలా డెప్త్ చూస్తూ కూర్చోవడం దండగ.

ఈటీఎఫ్ అక్కరకొచ్చేది ఏడాదికోసారి మొత్తంగా డబ్బు చూసేవాళ్లకు. కోల్డ్ స్టోరేజీలో ఉంచిన మిర్చి టిక్కీలు (బస్తాలు) అమ్మినప్పుడో, పత్తి డబ్బు ఖాతాలో పడ్డప్పుడో రెండు మూడు లక్షలు చేతికొస్తాయి. వాటిని కూడా ఒకే ఆర్డరుగా విసరకుండా డెప్త్‌లో ఎన్ని యూనిట్లున్నాయో చూసి ముక్కలుగా కొనాలి. మళ్లీ జూన్‌లో విత్తనాలకు, ఎరువులకు, పిల్లల ఫీజులకు కావాల్సిన డబ్బు అందులో కలపకండి. అమ్మిన డబ్బు మరుసటి పనిదినానికి గానీ బ్రోకరు ఖాతాలోకి రాదు, అక్కడి నుంచి బ్యాంకుకు రావడానికి ఇంకొంత సమయం. ఎరువుల కొట్టువాడు ఎదురుచూస్తుంటే మీరు లిమిట్ పెట్టి ఆగలేరు, ఎదుటివాడు ఎంతంటే అంతకే యూనిట్లు తెగనమ్మాల్సి వస్తుంది.