గేర్‌బాక్స్ దింపిన చేతులు చెప్పేది

1. క్లచ్ పనిలో కూలి ప్లేటుకు కాదు, ప్లేటు దాకా పోయే దారికి.

విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు నడిపినన్నాళ్లూ విన్న మాటే: "ఒక్క ప్లేటుకి పొద్దంతానా మేస్త్రీ?" ప్లేటు బిగించడం నిజంగా కాసేపటి పనే. కానీ అది ఇంజనుకూ గేర్‌బాక్సుకూ నడుమ కూర్చుంటుంది. అంబాసిడర్‌కైతే ప్రొపెల్లర్ షాఫ్టు విప్పాలి. మారుతి 800కైతే గేరాయిల్ వంచి, డ్రైవ్ షాఫ్టులు రెండూ లాగి, ఇంజను జారకుండా ఆసరా పెట్టి, అప్పుడు గేర్‌బాక్స్ దింపాలి. చిన్న కారుకు నాలుగైదు గంటలు; కింద సబ్‌ఫ్రేమ్ కూడా దింపాల్సిన బండికి ఇంకా ఎక్కువ. ఈ లెక్క పానా పట్టకముందే చెప్పు నాయనా. పనయ్యాక చెబితే సాకులాగే వినిపిస్తుంది.

2. ఒకసారి దింపితే అక్కడున్నవన్నీ చూడు.

ఒక ట్యాక్సీ ఓనరు తొందరపెడితే ప్లేటు మాత్రం మార్చి, పాత రిలీజ్ బేరింగునే ఉంచేశాను. కొన్నాళ్లకే పెడల్ తొక్కితే గరగర. బేరింగు ఖరీదెంత? దానికోసం గేర్‌బాక్స్ మొత్తం మళ్లీ దిగింది. రెండోసారి కూలి నేను అడగలేకపోయాను, ఆయన ఇవ్వనూ లేదు. అందుకే ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు మూడూ కలిపి సెట్టుగా మార్చు. క్రాంకు వెనక ఆయిల్ సీలు చెమ్మగా ఉందా, వేలితో తడిమి చూడు. అక్కడ కారే నూనె కొత్త ప్లేటుకు తగిలితే అది పట్టు తప్పుతుంది. ఫ్లైవీల్ మీద నీలి మచ్చలుంటే వేడికి కమిలిందన్నమాట. మామూలుదైతే లేత్‌కు పంపు. ఇప్పటి డీజిళ్లలో వచ్చే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్‌ను మాత్రం పాత అలవాటుకొద్దీ లేత్ ఎక్కించకు.

3. గేర్‌బాక్స్ బరువు ప్లేటు మీద వేలాడకూడదు.

ప్లేటును నడిమికి సరిచూసుకుని, జాకీ ఆసరాతో ఎక్కించు. చెయ్యి నొప్పెట్టి షాఫ్టు మీద వదిలేస్తే హబ్ వంగుతుంది, బండి కదిలినప్పుడల్లా వణుకుతుంది. స్ప్లైన్లకు గ్రీజు పూతగా చాలు.

4. దింపే ముందు కేబుల్ చూడు.

నిజం చెప్పాలంటే ఇది ముందు చెప్పాల్సింది. క్లచ్ జారుతోందని వచ్చిన కొన్ని బండ్లకు కేబుల్ బిగుసుకుని పెడల్‌కు ఆట లేకపోవడమే జబ్బు. అది పది నిమిషాల పని. దానికీ పూర్తి కూలి రాసిన షెడ్లు మా వీధిలో ఉండేవి. అక్కడ రద్దీ ఏమీ తగ్గలేదు, అబద్ధం ఎందుకు.