పాల పులుపు నుండి ప్లాస్టిక్: సంఘాలు తెలుసుకోవలసిన విషయాలు

తనిఖీకి వెళ్లినచోట కార్యదర్శులు ఈమధ్య తరచు అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. "మట్టిలో కలిసిపోయే కవర్లట, ధర ఎక్కువ. సంఘం తరఫున కొనవచ్చునా?" సంఘం డబ్బు సభ్యుల డబ్బు గనుక, ముందు ఆ సరుకు ఏమిటో తెలుసుకొనుట అవసరం.

1. పాత చుట్టరికం

పాలకు, ప్లాస్టిక్కుకు సంబంధం కొత్తది కాదు. పాలలోని కేసిన్‌ను ఫార్మలిన్‌తో గట్టిపరచి ప్లాస్టిక్ తయారుచేసే పద్ధతికి 1899లో జర్మనీలో క్రిషే, స్పిట్టెలర్ అనువారు పేటెంటు పొందారు. పాల నమూనాలు చెడకుండా కలిపే ఫార్మలినే అది. ఆ ప్లాస్టిక్‌తో గుండీలు, దువ్వెనలు చేసేవారు. తరువాత పెట్రోలియం ప్లాస్టిక్కులు చౌకగా రావడంతో అది వెనుకబడింది.

2. నేటి పద్ధతి

పెరుగుకు పులుపునిచ్చేది లాక్టిక్ ఆమ్లం. దీనిని 1780లో స్వీడన్‌లో షీలే అనే శాస్త్రజ్ఞుడు పులిసిన పాల నుండి వేరుచేశాడు. ఈ ఆమ్లపు అణువులను పూసలవలె దండగా గుచ్చితే పాలీ లాక్టిక్ ఆమ్లం, అనగా పి.ఎల్.ఎ. అనే ప్లాస్టిక్ అవుతుంది. గుచ్చేటప్పుడు నీరు తొలగిపోవును గనుక 100 గ్రాముల ఆమ్లం నుండి 80 గ్రాములకు మించి రాదు.

పనీరు చేయగా మిగిలిన తేటలో లీటరుకు సుమారు 45 గ్రాముల పాల చక్కెర ఉంటుంది. అందులో ఒక్క చుక్క వృథా పోకున్నా 38 గ్రాముల ప్లాస్టిక్ మాత్రమే వస్తుంది. అందుచేతనే కర్మాగారాలు తేటను గాక మొక్కజొన్న పిండిని, చెరకు చక్కెరను తోడు పెట్టి పులియబెడుతున్నాయి. డెల్టాలో వరి కోసిన చేలలో వేసే మొక్కజొన్న, ఉయ్యూరు ప్రాంతపు చెరకు ఈ కోవలోని ముడిసరుకులే.

3. రెండు గుణాలు వేరు

మొక్కల నుండి పుట్టుట ఒక గుణం, మట్టిలో కలియుట మరొక గుణం. బ్రెజిల్‌లో 2010 నుండి చెరకు ఆల్కహాలుతో పాలిథిన్ చేస్తున్నారు. పుట్టుక చెరకే అయినా అది మామూలు పాలిథిన్ వలెనే మట్టిలో కలియదు. పెట్రోలియం నుండి పుట్టి కూడా కలిసిపోయే రకాలు ఉన్నాయి. కవరుపై ఆకుపచ్చ బొమ్మ చూసి మోసపోరాదు.

మన రాష్ట్రంలో 2021 ఆగస్టులో తిరుమలలో లడ్డూల కోసం డి.ఆర్.డి.ఓ. రూపొందించిన కలిసిపోయే సంచుల విక్రయం మొదలైంది. కనుక ఇది మనకు దూరపు సంగతి కాదు.

4. ఎక్కడ కలిసిపోతుంది?

పి.ఎల్.ఎ. త్వరగా కుళ్లుటకు తేమ, సూక్ష్మజీవులు, దాదాపు 58 డిగ్రీల వేడి ఉండవలెను. కంపోస్టు కర్మాగారంలో ఆ వేడి నిలుస్తుంది. మన పెంటకుప్ప లోపల వేడి పుట్టినా పైపొరల్లో నిలవదు. బందరు కాలువ, ఏలూరు కాలువ నీటిలో అసలే ఉండదు. గేదె పొట్టలో ఉండేది 39 డిగ్రీలే. అన్నం, తొక్కలు కట్టి పారేసిన కవరును పశువు మింగితే, అది ఏ రకమైనా పొట్టలో పేరుకొని మేత తగ్గి, పాలు తగ్గుతాయి. చివరకు కోత వేసి తీయవలసి రావచ్చు.

5. సంఘాలు చేయవలసినవి

(అ) "కలిసిపోయేది" అని అమ్మేవారిని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం చూపమని అడగవలెను. దాని నకలు బిల్లుతోపాటు దస్త్రంలో ఉంచవలెను.

(ఆ) వేడి టీకి మామూలు పి.ఎల్.ఎ. గ్లాసులు కొనరాదు. 60 డిగ్రీల దగ్గరే అవి మెత్తబడతాయి. మహాజన సభకు స్టీలు గ్లాసులు చాలును. ప్లాస్టిక్ గ్లాసులు, పళ్లేలు 2022 జూలై 1 నుండి నిషిద్ధం.

(ఇ) పాల ప్యాకెట్లు పాలిథిన్‌వే. పి.ఎల్.ఎ. తేమను ఎక్కువగా బయటకు వదులును గనుక వాటికి అంతగా పనికిరాదు. ఖాళీ ప్యాకెట్లను కడిగి, ఆరబెట్టి, పోగుచేసి పాత సామాను వారికి ఇవ్వవలెను.

(ఈ) ఏ కవరునైనా పశువుకు అందేచోట పడవేయరాదని సభ్యులకు పాలు పోసే వేళ చెప్పవలెను.

అభ్యాసం: మీ సంఘం గత సంవత్సరం కొన్న కవర్ల బిల్లులు తీసి చూడండి. వాటిలో ఎన్నింటికి ధ్రువపత్రం ఉన్నది? ఆ సంఖ్యను వచ్చే పాలకవర్గ సమావేశంలో చర్చకు పెట్టండి.