నాప్తాలు నీరు విరుగుట: కారణములు, జాగ్రత్తలు

ఎర్ర అంచు చీర మొదటి ఉతుకులోనే రంగు విడిచి తెల్లని నేతకు అంటుకొన్నచో, కొన్నవారు నిందించునది నేసినవారినే. చీర తిరిగి వచ్చును, మజూరీ పోవును, పేరు కూడ పోవును. షోలాపూరులోనైనను, సేలములోనైనను, బరంపురములోనైనను ఇందులో భేదము లేదు. నూలుకు నాప్తాలు రంగులు వేసికొను కుటుంబములకు ఈ నష్టము తరచు తొట్టిలోనే మొదలగును. కావున నాప్తాలు నీటిలో ఎట్లు కరగునో, ఎట్లు విరుగునో ఈ పాఠములో చెప్పుకొందము.

కరుగుట

నాప్తాలు ఎ.యస్. రకపు పొడులు 1912 ప్రాంతమున జర్మనీలో పుట్టినవి. ఈ పొడి వట్టి నీటిలో కరగదు. కాస్టిక్ సోడా చేరినప్పుడు పొడిలోని ఒక హైడ్రోజన్ తొలగి, దాని చోట సోడియం చేరును. ఇట్లు ఏర్పడిన సోడియం నాప్తలేటు నీటిలో కరిగి తేట పసుపు ద్రవమగును. నూలు పీల్చుకొనునది దీనినే.

లెక్క ప్రకారము 263 గ్రాముల నాప్తాలు ఎ.యస్.కు 40 గ్రాముల శుద్ధమైన కాస్టిక్ చాలును. అనగా 100 గ్రాములకు సుమారు 15 గ్రాములు. అయినను వాడుకలో అంతకంటె ఎక్కువ వేయుదురు. దానికి కారణమున్నది.

విరుగుట

ఈ మార్పు రెండు దారుల నడచును. నీరు తన హైడ్రోజన్‌ను నాప్తాలుకు తిరిగి ఇచ్చి, సోడియంతో కాస్టిక్‌గా మిగులుటకు చూచుచుండును. తొట్టిలో కాస్టిక్ మిగులు ఉన్నంతవరకు ఈ తిరుగుదారి సాగదు. మిగులు తగ్గినచో, పాలు విరిగినట్లు నాప్తాలు పలుకులై విడిపోవును.

ఆల్కహాలులతో లోహములు కలిసిన ఆల్కాక్సైడులు దీనికి దగ్గరి చుట్టములు. సోడియం మెథాక్సైడును నీటిలో వేసిన వెంటనే మెథిల్ ఆల్కహాలుగాను, కాస్టిక్‌గాను విడిపోవును. టైటానియం ఐసోప్రొపాక్సైడుకు నీరు తగులగానే తెల్లని మడ్డి పుట్టును. మెథిల్ ఆల్కహాలుకు నాప్తాలుకున్న పులుపు గుణము, అనగా ఆమ్లగుణము, లేదు. కనుక అంత నీటి ముందు సోడియంను నిలుపుకొనలేదు. నాప్తాలు నిలుపుకొనగలదు, కాని కాస్టిక్ తోడున్నప్పుడే.

విరిగిన పలుకులు నూలు లోపలికి పోక పైననే కూర్చుండును. బేస్ నీటిలో ముంచినప్పుడు అక్కడనే రంగు తేలును. చూచుటకు ముదురుగా నుండును, రుద్దిన చేతికంటును.

జాగ్రత్తలు

1. ఉప్పనీరు, సున్నపు నీరు పనికిరాదు. అందలి కాల్షియం నాప్తాలుతో కలిసి కరగని మడ్డి చేయును. సబ్బు నురుగు కట్టని నీటిని తొట్టికి వాడరాదు.

2. పొడిని మొదట టి.ఆర్. ఆయిల్‌తో ముద్దగా నూరి, వేడినీరు, కాస్టిక్ చేర్చి, తేటపడిన తరువాతనే తొట్టిలో పోయవలెను. మసకగానున్న ద్రవములో నూలు ముంచరాదు.

3. తొట్టిని రాత్రంతయు తెరచి ఉంచరాదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు కాస్టిక్‌ను సోడాగా మార్చి దాని బలము తగ్గించును.

4. నాప్తాలు పట్టిన చిలపలను ఎండలో ఆరవేయరాదు. సమముగా పిండి, ఆలస్యము లేక బేస్ నీటిలో ముంచవలెను.

5. కాస్టిక్ మితిమీరినను చేటే. పిండని నూలుతో అది బేస్ నీటిలోనికి పోయి దానిని చెరుచును. ఏ నాప్తాలుకు ఎంతయో డబ్బాతో వచ్చిన కాగితము చూచి, త్రాసులో తూచి వేయవలెను.

6. చివర సబ్బు నీటిలో మరిగించి ఉతుకుట మానరాదు. పైన నిలిచిన రంగు ఇంటిలోనే పోవలెను గాని, కొన్నవారి ఇంట పోరాదు.

కాస్టిక్‌ను నీటిలో కొద్దికొద్దిగా వేయవలెను. కాస్టిక్ మీద నీరు పోయరాదు. చేతులకు రబ్బరు తొడుగులు, కన్నులకు అద్దములు ఉండవలెను. పిల్లలను తొట్టి దరికి రానీయరాదు. హానికరమైన కొన్ని అజో రంగులను కేంద్ర ప్రభుత్వము 1997లో నిషేధించినది. కనుక బేస్ కొనునప్పుడు అది నిషిద్ధ రంగునిచ్చునది కాదని వ్రాతమూలకముగా అడిగి తీసికొనుట మన హక్కు.