కంపెనీ పేరు అరువు, మన పేరు ఆస్తి

మంచిర్యాలలో ఆటో ఎక్కి ‘సీసీసీ’ అంటే చాలు, డ్రైవర్ నేరుగా నస్పూర్ తీసుకొస్తాడు. ఆ మూడక్షరాలు కోల్ కెమికల్ కాంప్లెక్స్‌వి. బొగ్గు నుంచి పొగరాని ఇంధనం తీయడానికి సింగరేణి ఇక్కడ పెట్టిన కర్మాగారం అది. ఎప్పుడో మూతపడింది. అయినా కాలనీకి ఆ పేరే, పోలీస్ స్టేషన్‌కూ ఆ పేరే. మంచిర్యాలలో సిమెంటు ఫ్యాక్టరీ ఏసీసీ చేతి నుంచి వెళ్లిపోయినా, ఆ చుట్టుపక్కల వాళ్లకు అది ఇప్పటికీ ఏసీసీయే. 2018లో వచ్చిన నస్పూర్ మున్సిపాలిటీ 2025లో మంచిర్యాల కార్పొరేషన్‌లో కలిసిపోయింది. ఆఫీసు బోర్డు మారింది గానీ ఊరిని నస్పూర్ అనడం ఎవరూ మానలేదు.

పేరుకున్న ఈ బలమే బ్రాండ్. అది టీవీలో ప్రకటనలిచ్చే పెద్ద కంపెనీల వ్యవహారమని చాలామంది అనుకుంటారు. మనం లేనిచోట నలుగురి నోట మన పేరు వచ్చినప్పుడు, దాని వెంట వచ్చే మాటే బ్రాండ్. బాయి పని చేసేవారికీ, కాంట్రాక్టు కార్మికులకూ, చిన్న దుకాణం నడిపేవారికీ అది ఉంది. దాన్ని పట్టించుకోవడమే మిగిలింది.

సింగరేణి అన్న పేరు ఏం చేస్తుంది?

సింగరేణి ఖమ్మం జిల్లాలో ఒక ఊరు. 1886లో ఇంగ్లండులో పెట్టిన హైదరాబాద్ (డెక్కన్) కంపెనీ, 1889లో ఇల్లెందు దగ్గర బొగ్గు తవ్వడం మొదలుపెట్టింది. 1920 డిసెంబరు 23న ఆ ఊరి పేరు మీదే సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. ఇప్పుడు ఆ మాట వినగానే ఊరు గుర్తుకురాదు. నెలనెలా జీతం, క్వార్టర్, ఆసుపత్రి, ఏటా లాభాల్లో వాటా గుర్తుకొస్తాయి. వందేళ్లుగా ఇచ్చిన మాట మీద నిలబడ్డ పేరు అది. ‘సింగరేణిల చేస్తున్న’ అంటే కిరాణా కొట్టులో ఉద్దెర పుడుతుంది, పెళ్లి సంబంధం కుదురుతుంది.

ఆ నమ్మకం కంపెనీ సంపాదించుకున్నది. మనకది ఉద్యోగం ఉన్నన్నాళ్లు అరువు. రిటైరైన రోజున మస్టర్‌లో పేరు పోతుంది. కాంట్రాక్టు కార్మికుడికైతే టెండర్ మారినప్పుడల్లా యజమాని పేరే మారిపోతుంది. అందుకే ఉద్యోగంలో ఉండగానే సొంత పేరు కట్టుకోవాలి.

ఒక్క పనికి పేరు తెచ్చుకోండి

శ్రీరాంపూర్ బాయిల్లో ఇరవై ఏళ్లు పంపులు చూసిన మనిషికి మోటార్ల గుట్టు తెలిసి ఉంటుంది. బయటికొచ్చి అతను ‘వైరింగ్, ప్లంబింగ్, పెయింటింగ్, ఫ్రిజ్ రిపేర్, సీసీ కెమెరాలు’ అని బోర్డు పెడితే, చూసినవారికి ఒక్కటీ గుర్తుండదు. ‘బోరు మోటార్ ఏదైనా బాగుచేయబడును’ అని పెడితే, పక్క ఊళ్లో బోరు ఆగినా అతనికే ఫోన్ వస్తుంది. మిగతా పనులు వద్దనక్కర్లేదు. కానీ జనం మీ పేరు పక్కన ఏ పని తలచుకోవాలో ముందు మీరే తేల్చుకోండి.

బయోడేటాలో కూడా అంతే. ‘కష్టపడే స్వభావం’ అని అందరూ రాస్తారు. ఏ యంత్రం మీద, ఎన్నేళ్లు, ఏ షిఫ్టుల్లో పనిచేశారో, చేతికింద ఎంతమంది ఉండేవారో రాయండి. చదివినవాళ్లకు మీరు కళ్లముందు కనిపిస్తారు.

చెప్పిన గ్రేడే ఇవ్వండి

బొగ్గుకు 2012 నుంచి అది ఇచ్చే వేడిని బట్టి జీ1 నుంచి జీ17 దాకా గ్రేడ్లు కడుతున్నారు. కిలోకు 4,601 నుంచి 4,900 కిలో కేలరీలు ఇస్తే జీ9. అంతకు తగ్గితే జీ10, ధరా తగ్గుతుంది. జీ10 బొగ్గును జీ10 అని అమ్మితే ఎవరికీ పేచీ లేదు. జీ9 అని పంపింది పరీక్షలో జీ10 అని తేలితేనే చిక్కు. అప్పుడు డబ్బు కోతతో పోదు, తరవాత వచ్చే ప్రతి వ్యాగన్ మీదా అనుమానం మొదలవుతుంది.

మన మాటకూ గ్రేడ్ ఉంటుంది. ‘రేపు పొద్దున్నే వస్తా’ అని ఎల్లుండి సాయంత్రం పోయేవాడికంటే, ‘ఎల్లుండి సాయంత్రం వస్తా’ అని చెప్పి వేళకు పోయేవాడికే పేరొస్తుంది. రోజు ఒక్కటే, పని ఒక్కటే. తేడా అంతా ముందు చెప్పిన మాటలో ఉంది.

అందరూ ఒకే సరుకు అమ్మేచోట ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. 2022 అక్టోబరు నుంచి సబ్సిడీ ఎరువుల బస్తాల మీద ఏ కంపెనీదైనా ‘భారత్’ అనే పెద్దగా ఉండాలన్నారు. రామగుండంలో తయారైన యూరియాకూ అదే పేరు. బస్తా అదే, ధర అదే అయినప్పుడు రైతు ఒక దుకాణాన్నే ఎందుకు వెతుక్కుంటూ పోతాడు? ఆ దుకాణదారు స్టాకు ఎప్పుడొస్తుందో నిజం చెబుతాడనీ, అక్కర్లేని మందు అంటగట్టడనీ. సరుకుకు తేడా లేనప్పుడు అమ్మే మనిషే బ్రాండ్.

రుజువులు పోగుచేసుకోండి

నోటి మాటకు కాగితం తోడుండాలి. ఐటీఐ, అప్రెంటిస్‌షిప్, ఫస్ట్ ఎయిడ్, గ్యాస్ టెస్టింగ్ వంటి సర్టిఫికెట్లను ఒక్క ఫైల్లో పెట్టి, ఫోన్లో ఫొటోలు కూడా ఉంచుకోండి. పదో తరగతి మెమో, ఆధార్, బ్యాంకు పుస్తకం మూడింట్లో ఇంటి పేరు, అక్షరాలు ఒకేలా ఉన్నాయో లేదో ఈ వారమే చూసుకోండి. కాంట్రాక్టు కార్మికులు వేతన చీటీలు దాచుకోవాలి. కాంట్రాక్టర్ మారినా పీఎఫ్ యూఏఎన్ నంబరు పాతదే కొనసాగించమని అడగాలి. పని ముగిసే నెలలోనే అనుభవ పత్రం తీసుకోవాలి. ఆర్నెల్ల తరవాత పోతే మీ సూపర్‌వైజర్ అక్కడ ఉండకపోవచ్చు.

ఫోన్ నంబరు మాటిమాటికీ మార్చకండి. మీ నంబరు రాసుకున్న ప్రతి ఇల్లూ మీకు పెట్టుబడే.

పేరు చెడితే

పని చెడిపోవడం ఎవరికైనా జరుగుతుంది. అప్పుడు ఫోన్ ఎత్తకపోవడంతోనే పేరు పోతుంది. పని ఇచ్చినవాళ్లు పిలవకముందే మీరు పోండి. తప్పు మీదైతే ఒప్పుకుని, మళ్లీ పైసలు అడక్కుండా సరిచేయండి. మీ పేరు వాళ్లకు చెప్పిన మనిషికి కూడా జరిగింది చెప్పండి. ఎందుకంటే మీ వెంట ఆయన పేరు కూడా పణంగా ఉంది.

అరువు పేరుతో వచ్చేవారితో జాగ్రత్త

పేరు ఎంత పెద్దదైతే దాన్ని అడ్డం పెట్టుకునేవారు అంత ఎక్కువ. ‘సింగరేణిల నౌకరి ఇప్పిస్త, మనోళ్లున్నరు’ అని లక్షలు అడిగే దళారిని పిల్లలు నమ్మడానికి కారణం ఆ మనిషి కాదు, ఆ కంపెనీ పేరు. బయటివారికి ఉద్యోగాలు ఉంటే నోటిఫికేషన్ కంపెనీ అధికారిక వెబ్‌సైట్‌లో వస్తుంది. దళారి చేతికి పైసలు ఇవ్వకండి. ఇంట్లో పెద్దవాళ్లకు కూడా ఈ మాట చెప్పి పెట్టండి.

ఈ వారం చేయాల్సిన పని

మీతో పనిచేసినవారిలో ముగ్గురిని అడగండి: ‘నా గురించి ఎవరైనా అడిగితే ఏం జెప్తవు?’ ముగ్గురూ ఒకే మాట చెబితే అదే మీ బ్రాండ్. అది మీకు నచ్చినదైతే కాపాడుకోండి. నచ్చకపోతే మార్చుకోవడానికి ఇంకా సమయం ఉంది. మూడు రకాలుగా చెబితే, పైన చెప్పిన ఒక్క పని దగ్గర మొదలుపెట్టండి.

రిటైరైన రోజు బాయి మీద దండ వేసి, శాలువా కప్పి ఇంటిదాకా సాగనంపుతారు. ఆ గౌరవంలో కంపెనీ పేరుకూ వాటా ఉంది. మర్నాడు పొద్దున్నే ఎవరో గేటు దగ్గర నిలబడి, ‘అన్నా, ఉన్నవా? మోటార్ నడుస్తలేదు, నువ్వొస్తెనే అయితదంటున్నరు’ అని పిలిస్తే, ఆ పిలుపు పూర్తిగా మీది.